గడియారపు కాలువలు

విజయవాడలో ప్రకాశం బ్యారేజి వద్ద తలుపులెత్తి కాలువలకు నీరు వదలిన దినముననే దివిసీమ పొలములు తడియవు. నీరు మొదట పెద్దకాలువను నింపవలెను. అచ్చటి నుండి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మొదలగు వానిలో పారి, వాని శాఖలలోనికి, శాఖల నుండి పిల్లకాలువలకు, పిల్లకాలువల నుండి పంటబోదెలకు దిగవలెను. గుడివాడ చుట్టుపట్ల చేలకును, బందరు శివారు భూములకును వచ్చు నీరు ఇట్లు మెట్టుమెట్టుగా దిగివచ్చినదే. దివిసీమకు పోవు నీరు మరియొక అవరోధమును దాటవలెను. కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి ఆ సీమను చుట్టుకొని యున్నది. అందుచేత కాలువ నది మీదుగానే పోవలసి వచ్చినది. పులిగడ్డ వద్ద కట్టిన అక్విడక్టు కాలువ నీటిని ఏటిపాయ మీదుగా మోసికొనిపోయి అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతములకు అందించుచున్నది.

ఈ కాలువల పొడవునను లాకులు, తూములు, షట్టర్లు అనేకములు గలవు. వానిని ఎత్తుచు, దించుచు, కాపు కాయు ఉద్యోగిని లస్కరు అందురు. చూచువారికి లస్కరు పని సులువుగా కనిపించును. కాని అందు తెలివితో మెలగవలసిన సందర్భములు పెక్కు గలవు. ఎగువ తలుపు మూసియుండగా దిగువ తూము ఎత్తిన ప్రయోజనము లేదు. ఒక రైతు వచ్చి తన మడి తడిసినదని చెప్పినంత మాత్రమున తూము దించరాదు. అదే బోదెపై వేరొకరి నారుమడి ఎండుచుండవచ్చును. చివరి రైతు పని ముగియువరకు తూము తెరచి యుండవలెను. ముగిసిన పిదపయు తెరచి యుంచినచో నీరంతయు మురుగుకాలువ పాలగును.

సరిగా ఇట్టి కాలువల అమరికయు, ఇట్టి తలుపులును, వానిని కాయు లస్కర్లును నేడు ప్రతివారి చేతిలోని సెల్‌ఫోనులో గలరన్నచో వింతగా తోచవచ్చును. అందు పారునది నీరు కాదు, గడియారపు స్పందనలు. ఇంగ్లీషులో వీనిని క్లాకు స్పందనలందురు. గోడ గడియారము మనుష్యులకు వేళ తెలుపును. యంత్రములోని క్లాకు వేళ తెలుపుట కంటె తాళము వేయుటనే ముఖ్యముగా చేయును. భజనలో తాళము తప్పినచో పదిమంది పది తీరులుగా పాడుదురు. అట్లే కంప్యూటరులోని కోట్లకొలది ట్రాన్సిస్టరులు ఒక తాళమునకు లోబడి అడుగు వేయనిచో, ఒకటి పంపిన అంకెను మరియొకటి అందుకొనజాలదు.

ఈ తాళమునకు మూలము క్వార్ట్జ్ అను స్ఫటికము. దానిని నొక్కినచో దానియందు స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానికి విద్యుత్తు నిచ్చినచో అది రవంత వంగును. ఈ గుణమును ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు 1880 ప్రాంతమున కనుగొనిరి. స్ఫటికమును తగిన ఆకారమున కోసి విద్యుత్తుతో కదలించినచో, అది తన ఆకారమునకు తగిన వేగముతోనే కంపించుచుండును. చేతి గడియారములలోని స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. ఈ సంఖ్యను ఏల ఎన్నుకొనిరని సందేహము కలుగవచ్చును. దానిని రెండుతో భాగించి, వచ్చిన దానిని మరల రెండుతో భాగించి, ఇట్లు 15 మారులు చేసి చూడవలెను. చివరకు మిగులునది 1. అనగా రెండుతో భాగించు చిన్న సాధనములను 15 వరుసగా పెట్టినచో సరిగా సెకనుకొక స్పందన లభించును.

కాలమును ఇంత సన్నగా కొలుచుట వలని లాభమునకు నిదర్శనము బందరులోనే కలదు. భారత వాతావరణ శాఖవారి డాప్లర్ రాడారు మచిలీపట్నమున నున్నది. అది ఆకాశములోనికి రేడియో తరంగములను పంపి, వానచినుకులకు తగిలి తిరిగివచ్చిన ప్రతిధ్వనిని విని, మేఘమెంత దూరమున నున్నదో లెక్కకట్టును. ఆ తరంగములు సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోవును. 150 కిలోమీటర్ల దూరమునుండి ప్రతిధ్వని రావలెనన్నచో సెకనులో వెయ్యవ వంతు చాలును. కాలగణనలో సెకనునకు పది లక్షల వంతు పొరపాటు దొరలినచో దూరమున 150 మీటర్ల తేడా వచ్చును.

ఫోనులో ఒక్క వేగము చాలదు. లోపలి గణన యంత్రమునకు సెకనుకు వంద కోట్లకు మించిన స్పందనలు కావలెను. మాటను వినిపించు భాగమునకు అందులో అల్పభాగము చాలును. వేళ తెలుపు భాగమునకు 32,768 మాత్రమే కావలెను. ఇన్ని వేగములకు ఇన్ని స్ఫటికములు పెట్టరు. ఒకటి రెండు స్ఫటికముల నుండియే అన్నిటికిని పంచిపెట్టుదురు. స్ఫటికము బ్యారేజి వంటిది. దాని క్రింద పెద్దకాలువలు, వాని క్రింద పిల్లకాలువలు. పై దానిని తల్లి క్లాకు అనియు, దాని నుండి చీలిన దానిని పిల్ల క్లాకు అనియు చెప్పవచ్చును. దారిలో అచ్చటచ్చట వేగమును రెండుగానో, నాలుగుగానో, పదహారుగానో భాగించు సాధనములుండును. ఏ తల్లి నుండి తీసికొనవలెనో మార్చుకొను కూడలులుండును. స్పందనలను ఆపివేయు తలుపులుండును.

అయితే ఒక్క విషయమున ఈ పోలిక చెల్లదు. బ్యారేజి వద్ద వదలిన దానికంటె ఎక్కువ నీరు నాగాయలంకకు ఎన్నటికిని రాదు. క్లాకులలో మూలముకంటె వేగమైన పిల్ల పుట్టగలదు. దీనిని సాధించు ఏర్పాటును ఫేజ్ లాక్డ్ లూప్ అందురు. అందు మిక్కిలి వేగముగా కంపించు ఒక విద్యుత్ సాధనముండును. కాని దాని వేగము నిలకడ లేనిది. దాని స్పందనలను, ఉదాహరణకు, 50తో భాగించి, వచ్చిన దానిని స్ఫటికపు స్పందనలతో సరిచూతురు. ముందున్నచో తగ్గించి, వెనుకబడినచో హెచ్చించి, రెండును కలిసి అడుగు వేయువరకు దిద్దుదురు. స్ఫటికము సెకనుకు 2 కోట్ల 40 లక్షల మారులు కంపించునదైనచో, ఇట్లు దిద్దబడిన సాధనము 120 కోట్ల మారులు కంపించును. దుడుకు గుర్రమును నిదానమైన మనిషి కళ్లెముతో నడపినట్లు, వేగము ఒకరిది, నిలకడ వేరొకరిది. ఈ దిద్దుబాటు కుదురుటకు కొంత వ్యవధి పట్టును. అంతవరకు ఆ స్పందనలను ఎవ్వరును వాడరాదు.

అన్ని తలుపులను ఎల్లవేళల తెరచియే యుంచరాదా? తీసి మూయు శ్రమ ఎందులకు? దీనికి సమాధానము బ్యాటరీలో నున్నది. ఒక్కొక్క స్పందనకు తీగలలోను, ట్రాన్సిస్టరులలోను అతిసూక్ష్మమైన విద్యుదావేశము నిండి, మరల ఖాళీ అగును. ఆ భాగము పని చేయుచున్నను, ఊరకున్నను, స్పందన వచ్చినంతకాలము ఈ నిండుట, ఖాళీ అగుట జరుగుచునే యుండును. వేగము రెట్టింపైనచో ఖర్చు రెట్టింపు. వోల్టేజి మాట ఇంకను గట్టిది. ఖర్చు దాని వర్గమును బట్టి పెరుగును. వేగము తగ్గించినచో తక్కువ వోల్టేజి చాలును గనుక లాభము రెండు విధముల కలుగును. 1 వోల్టుతో నడచు దానిని 0.8 వోల్టుతో నడిపినచో, ఒక్కొక్క స్పందనకగు ఖర్చు నూటికి 64 వంతులకు దిగును. స్పందనను పూర్తిగా ఆపివేసినచో ఈ ఖర్చు ఇంచుమించు లేనట్లే.

ఇంటిలో కరెంటు ఉన్నంతకాలము ఈ పొదుపు ఎవ్వరికిని పట్టదు. కాని కృష్ణా జిల్లా తీరమున నివసించువారు దీనిని చులకన చేయజాలరు. 1977 నవంబరు 19వ తేదీన తుపానుతో కూడి వచ్చిన ఉప్పెన దివిసీమపై విరుచుకొని పడి గ్రామములకు గ్రామములనే తుడిచివేసినది. ఆ విపత్తులో సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆనాడు ఆ లంకగ్రామములకు క్షణములో హెచ్చరిక చేర్చు సాధనము లేదు. నేడు ప్రతి ఇంటను ఫోనున్నది. 2023లో, టవరు పరిధిలోని ఫోనులన్నిటికిని ఒక్కసారిగా హెచ్చరిక పంపు పద్ధతిని ప్రభుత్వము దేశమున పలుచోట్ల పరీక్షించినది. ఆ సంవత్సరమే డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. తుపాను వచ్చినప్పుడు ముందుగా పోవునది కరెంటు. తుపాను రాత్రి ఫోను బ్రతికియుండుట, ఎవ్వరికిని కనబడని ఆ తలుపులను ఎవరెంత శ్రద్ధగా మూసిరన్న దానిపై కొంతవరకు ఆధారపడి యుండును.

ఈ తలుపులను కాయునది డ్రైవరు. ఈ డ్రైవరు బస్సు నడపువాడు కాడు. ఫోనులోని ఒక్కొక్క భాగమును, అనగా కెమెరాను, తెరను, రేడియోను నడపుటకు వ్రాసిన ఆదేశముల కట్టకు ఆ పేరు. అట్టి డ్రైవరులన్నిటిపైన పెత్తనము చేయునది ఆపరేటింగ్ సిస్టము. కెమెరా డ్రైవరు తనకు స్పందనలు కావలసినప్పుడు తానే పోయి తలుపు లాగదు. ఆపరేటింగ్ సిస్టమును అడుగును. ఎగువ క్లాకు మూసియున్నచో సిస్టము ముందు దానిని తెరచి, పిదప దిగువ దానిని తెరచును. మూయునప్పుడు దిగువనుండి ఎగువకు పోవును.

ఇచ్చట లస్కరు ఎదుర్కొను చిక్కే ఎదురగును. ఒకే తల్లి క్లాకును కెమెరాయు, తెరయు కలిసి వాడుకొనుచుండవచ్చును. కెమెరా తన పని ముగిసినదని చెప్పగనే తలుపు మూసినచో తెర ఆరిపోవును. అందుచేత సిస్టము ప్రతి తలుపునకును ఒక లెక్క నుంచును. ఒకరు అడిగినచో లెక్క 1. రెండవవారు అడిగినచో 2. ఒకరు చాలునన్నచో మరల 1. లెక్క సున్నకు వచ్చినప్పుడే తలుపు నిజముగా మూయబడును. ఇంత చిన్న ఉపాయముతో పెద్ద తగవు తీరినది. బోదెపై ఎందరు రైతులు మిగిలిరో లస్కరు వ్రేళ్లపై లెక్కించుకొనుట వంటిదే ఇదియు.

చిరకాలము ఈ లెక్కలను ఒక్కొక్క చిప్పు తయారుచేయువారు తమ తమ తీరున వ్రాసికొనిరి. ఒక చిప్పునకు వ్రాసినది మరియొక దానికి పనికిరాకుండెను. ఒకే తప్పును పదిచోట్ల దిద్దవలసి వచ్చెను. ఆండ్రాయిడ్ ఫోనులన్నిటికిని ఆధారమైన లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టములో, జెరెమీ కెర్, మైక్ టర్క్వెట్ మొదలగువారి కృషి ఫలితముగా, 2012లో వెలువడిన 3.4 సంచికతో అందరికిని ఉమ్మడియైన క్లాకు యాజమాన్యము ఏర్పడినది. అప్పటినుండి చిప్పువారు తమ కాలువల పటమును, తలుపులు కదలించు విధమును మాత్రము తెలిపినచో చాలును. లెక్క చూచుట ఉమ్మడి యాజమాన్యము పని.

ఆ యాజమాన్యములో తెరచుట రెండు అంచెలుగా జరుగును. మొదటిది సిద్ధపరచుట, రెండవది వదలుట. ఫేజ్ లాక్డ్ లూప్ కుదురుకొనుటకు వ్యవధి పట్టునని పైన చెప్పబడినది గదా! కాలువ నిండుటకు వేచియున్నట్లు ఆ కుదురుబాటుకై వేచియుండుట సిద్ధపరచుట. సిద్ధమైన పిదప తలుపు ఎత్తుట క్షణములో తీరును. డ్రైవరు చేయు పనులలో కొన్ని మధ్యలో ఏమాత్రము ఆగరానివి. అట్టి చోట వేచియుండు పనిని పెట్టినచో యంత్రమంతయు స్తంభించును. అందుచేత వేచియుండు భాగమును ముందే ముగించుకొని, ఆగరాని చోట తలుపు ఎత్తుటను మాత్రమే చేయుదురు.

వేగమును మార్చుట ఇంతకంటె సున్నితమైన వ్యవహారము. కొలత పరికరము నుండి అంకెలను తీగమీదుగా పంపు ఒక భాగము సెకనుకు 18,43,200 స్పందనలను తీసికొని, వానిని 16తో భాగించి, సెకనుకు 1,15,200 గుర్తులను పంపుచున్నదనుకొందము. అవతలివైపు అందుకొనునది కూడ అదే వేగముతో వినుచుండును. ఇంతలో వేరొక భాగమువారు తమకు వేగము చాలలేదని తల్లి క్లాకును ఒకటిన్నర రెట్లు చేసినచో, పిల్లలన్నియు ఒకటిన్నర రెట్లగును. ఇవతల పంపిన అక్షరము అవతల వేరొక అక్షరమై చేరును. నీటిమట్టము 3 మీటర్లని పంపినది ఏమని చేరునో ఎవరు చెప్పగలరు? వరిచేను వారికి పలుచగా కావలసిన నీటిని చేపల చెరువు వారు నిండుగా అడిగినప్పుడు కాలువపై పుట్టు తగవు ఇట్టిదే. క్లాకు యాజమాన్యములో, వేగము మార్చుటకు ముందుగా తెలియజేయవలసినదని ఏ డ్రైవరైనను కోరవచ్చును. ఆ కబురు రాగానే తన భాగహారమును సరిచేసికొనవచ్చును. వీలుకానిచో ఈ మార్పు వలదని అడ్డుపడవచ్చును.

డ్రైవరు వ్రాయువారు చేయు తప్పులలో రెండు మిక్కిలి హానికరమైనవి. తెరచి మూయ మరచుట ఒకటి. సాధారణముగా పని సజావుగా ముగిసిన దారిలో మూయుదురు. మధ్యలో ఏదైన చెడి వెనుదిరిగిన దారిలో మరచిపోవుదురు. దానివలన ఏదియు వెంటనే చెడదు. లెక్క సున్నకు రాదు, తలుపు మూయబడదు, బ్యాటరీ తెలియకుండ కారిపోవుచుండును. ఇట్టి తప్పు నెలల తరబడి దాగియుండగలదు. రెండవది, తలుపు మూసియుండగనే ఆ భాగమును పలుకరించుట. తాళము లేని భాగము బదులు చెప్పజాలదు. అడిగినది బదులుకై కాచుకొని యుండగా, పెక్కు చిప్పులలో యంత్రమంతయు బిగుసుకొనిపోవును. మొదటిది సంపదను హరించు తప్పు. రెండవది ప్రాణము తీయు తప్పు. రెండింటిలో మొదటిదే ఎక్కువ మోసకరము, ఏలయన రెండవది చేసినవాడు ఆనాడే పట్టుబడును.

ఫోను మేల్కొన్న తొలి నిమిషములో చూడదగిన విశేషమొకటి కలదు. ఆపరేటింగ్ సిస్టము రాకమునుపే, దానిని పిలుచు చిన్న ఆదేశముల కట్ట కొన్ని తలుపులను తెరచి పోవును. సిస్టము కుదురుకొనిన పిదప పటమంతయు ఒకసారి కలయజూచి, తెరచియుండియు ఏ డ్రైవరు తనదనని తలుపులనన్నిటిని మూసివేయును. క్రొత్తగా తయారగుచున్న యంత్రములలో ఈ ఘట్టమున తెర హఠాత్తుగా నల్లబడుట కద్దు. తెర డ్రైవరు తన క్లాకును అడుగుట మరచెనన్నమాట. ఎవ్వరడుగకున్నను మూయరాని తలుపులును కొన్ని గలవు. జ్ఞాపకశక్తి భాగమునకు పోవు క్లాకు అట్టిది. వానిపై ముందుగనే గుర్తు పెట్టియుంతురు. వేసవిలో పైరు లేకున్నను ఊరి మంచినీటి చెరువులకు కాలువ వదలక తప్పదు గదా!

ఫోను నిద్రపోవునప్పుడు పెద్ద స్ఫటికము కూడ ఆగిపోవును. సెకనుకు 32,768 మారులు కంపించు చిన్న స్ఫటికము మాత్రము రాత్రి కావలివాని వలె మేలుకొని యుండును. దాని ఖర్చు అత్యల్పము. టవరు నుండి కబురేమైన వచ్చెనాయని వినుటకు రేడియో ఎల్లవేళల మేలుకొని యుండనక్కరలేదు. ఏ క్షణమున వినవలెనో టవరునకును ఫోనునకును ముందే ఒప్పందముండును. ఈ విరామము పెక్కు టవరులలో 1.28 సెకనులు. ఆ క్షణము సమీపింపగనే కావలి స్ఫటికము తట్టి లేపును, పెద్ద స్ఫటికము కంపించును, లూపు కుదురుకొనును, రేడియోకు తలుపు తెరచుకొనును. కబురు లేనిచో అన్నియు వచ్చిన వరుసకు ఎదురు వరుసలో మూతపడును. తుపాను హెచ్చరిక కలదన్న సూచన వచ్చు దారియు ఇదియే.

చిన్న స్ఫటికము కూడ తప్పు చేయనిది కాదు. పది లక్షలకు 20 వంతుల తేడాతో నడచు స్ఫటికము దినమునకు సెకనున్నరకు పైగా తప్పును. వేడికిని, చలికిని ఆ తేడా మారుచుండును. ఈ సంగతి యెరిగియే డ్రైవరు వ్రాయువారు రేడియోను ఒప్పందపు క్షణమునకు రవంత ముందుగా లేపుదురు. లేచిన రేడియో టవరు పంపు సంకేతమును విని, తన కాలము ఎంత జరిగినదో సరిచూచుకొని, ఆ తేడాను మరుసటి నిద్ర లెక్కలో కలుపుకొనును. నాగాయలంకలో ఒక ఇంట గూటిలో పెట్టిన ఫోను తెల్లవారులోగా ఇట్లు వేలకొలది మారులు లేచి, విని, తలుపులు మూసికొని పండుకొనును.